వదిలిన బతుకు, వదలని కులం
(విశాఖపట్నంలో చేసిన పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆయన పాటలు మీలో చాలామందికి పుస్తకం తెరవకుండానే వచ్చు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు, 1890లో కన్నుమూశారు. వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం వారిది. తెలుగు, ఒరియా, బెంగాలీ, సంస్కృతం తెలిసిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన పేరుతో ఉన్న పాటల్ని తీసేస్తే పుస్తకం సగం బోసిపోతుంది. ఇలాంటి సభల్లో ఆయన కవిత్వాన్ని పొగిడి ముగించడం ఆనవాయితీ. ఈ సాయంత్రం ఆయన కవిత్వం కంటే ముందు ఆయన చేసిన పనిని తలుచుకుందామని ఉంది. ఆయన ఒక బతుకును విడిచి మరో బతుకులోకి నడిచి వచ్చారు. ఏం విడిచారు? ఏం వెంట తెచ్చుకున్నారు? మనం ఏం విడిచాం? నా ఉపన్యాసమంతా ఈ మూడు ప్రశ్నలే.

1

మన గుడారాల సభల్లో, ఉపవాస కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఏర్పడింది. లేచి నిలబడతారు, దేవునికి స్తోత్రం చెబుతారు, రక్షణ పొందకముందు తానెలా ఉండేవాడో చెబుతారు. సారా, బీడీ, పేకాట, సినిమాలు, ఇంటిదాన్ని కొట్టడం. ఇవన్నీ ప్రభువు మాన్పించాడంటారు. నేను ఈ సాక్ష్యాల్ని తేలిగ్గా తీసుకోను. తాగుడు మానిన మనిషి ఇంట్లో నెలాఖరున కూడా బియ్యం ఉంటాయి, పిల్లల ఫీజు కట్టడానికి డబ్బుంటుంది. దాని విలువ గాజువాకలోనో మల్కాపురంలోనో కాపురం చేసే ఇల్లాలికి నేను చెప్పక్కర్లేదు.

ఆ సాక్ష్యాల్లో వినిపించని వాక్యాలు కొన్ని ఉన్నాయి. 'నూటికి పది వడ్డీ పిండేవాణ్ణి, ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేశాను' అని ఎవరూ చెప్పగా మనం వినలేదు. 'కాంట్రాక్టు కూలీల మస్టరులో రోజులు కోసేవాణ్ణి' అని వినలేదు. 'మా అమ్మాయి ఇష్టపడ్డ పిల్లవాడు విశ్వాసే, కులం చూసి కాదన్నాను, అది పాపమని ఒప్పుకుంటున్నాను' అని అసలే వినలేదు.

పౌలు రాసిన పత్రికలు తీసి చూడండి. ఎఫెసీయులకు రాసిన దాని నాలుగో అధ్యాయంలో పాత స్వభావాన్ని విడవమన్న వెంటనే ఆయన లెక్కపెట్టినవి అబద్ధం, కోపం, దొంగతనం, చెడ్డ మాట. దొంగిలించేవాడు దొంగతనం మానితే చాలదు, చేతులతో కష్టపడి లేనివాడికి పెట్టాలన్నాడు. కొలస్సీయులకు రాసినప్పుడు కామాన్నీ ధనాశనూ కూడా ఆ జాబితాలో వేశాడు. కానీ ఆ జాబితా ఎక్కడికి చేరిందో చూడండి. కొత్త స్వభావంలో గ్రీసువాడు, యూదుడు అనే తేడా లేదు, దాసుడు, స్వతంత్రుడు అనే తేడా లేదు అన్నచోటికి చేరింది. అలవాట్ల నుంచి బయల్దేరిన మాట మనుషుల మధ్య కట్టిన గోడల దాకా వచ్చి ఆగింది.

కాబట్టి నా వాదం ఇది. పాత జీవితం ఎవరూ ఒంటరిగా బతికింది కాదు. కొందరితో కలిసి, కొందరి కింద, కొందరి మీద బతికింది. దాన్ని విడిచామా లేదా అన్నది మన గుండెకు ఎంత తెలుసో, ఆ బతుకులో మనతో ముడిపడ్డ పక్కవాడికి అంతకంటే ఎక్కువ తెలుసు.

2

ఈ ఊరికి ఈ కథలో ప్రత్యేకమైన చోటుంది. పోర్టు 1933లో ప్రారంభమైంది. అంతకు నూట ఇరవై ఎనిమిదేళ్ళ ముందు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ ఇక్కడ దిగారు. ఇద్దరూ ఎక్కువ కాలం బతకలేదు. 1810 గడిచేలోపు ఇద్దరూ పోయారు. కానీ ఆ కొద్ది ఏళ్ళలోనే సువార్తలను తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. వారికి కుడిభుజంగా నిలబడినవాడు ఆనందరాయర్, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ఆ అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. తర్వాత 1840లో వచ్చిన జాన్ హే సుమారు అర్ధ శతాబ్దం పాటు తెలుగు బైబిలు దిద్దుబాటుతోనే గడిపాడు. ఆయన బడిలో చదివిన పులిపాక జగన్నాథం అనే బ్రాహ్మణ విద్యార్థి క్రీస్తును అంగీకరించి తర్వాత ఈ ప్రాంతంలోనే కాపరి అయ్యాడు. మన పాతపట్నం వీధులకు ఈ మనుషులందరూ తెలుసు.

చౌదరిగారు సత్యం కోసం వెదుకుతూ వెదుకుతూ ఒక చిన్న కరపత్రం దగ్గర ఆగారు. దాని వెంటపడి విశాఖపట్నం మిషను వారిని కలిశారు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు.

ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణుడికి బాప్తిస్మమంటే ఏమిటో ఒక్క క్షణం ఊహించుకోండి. ఇంట్లో ఆయన బతికుండగానే చచ్చినవాడి కింద లెక్క. తండ్రి ఆస్తి రాదు. కట్టుకున్నది వస్తుందో రాదో తెలియదు. అగ్రహారంలో నీళ్ళు పుట్టవు. మతం మారినవాడికి వారసత్వ హక్కు పోదని చెప్పిన చట్టం 1850లో గానీ రాలేదు. అంటే చౌదరిగారు నీళ్ళలో దిగిన నాటికి ఆయన వెనక ఏ చట్టమూ లేదు. మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడిలో చదివే మంచాల రత్నం, అయినాల భూషణం 1852లో బాప్తిస్మం పొందినప్పుడు ఊరు ఊరంతా కదిలింది, బడి ఖాళీ అయింది. చట్టం వచ్చాక కూడా పరిస్థితి అది.

ఇప్పుడు ఆయన ఏం వెంట తెచ్చుకున్నారో చూడండి. రాగం తెచ్చుకున్నారు, తాళం తెచ్చుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాల కట్టడం తెచ్చుకున్నారు. సంస్కృత సమాసాన్నీ తేట తెలుగునూ ఒక్క చరణంలో కలిపే నేర్పు తెచ్చుకున్నారు. మన కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఈ తరం పిల్లలు కీబోర్డు వాయిస్తూ దాన్ని చూడకుండా పేజీ తిప్పేస్తారు గానీ, ఆ చిన్న అక్షరాల్లో ఒక పెద్ద నిర్ణయం ఉంది. క్రీస్తు దగ్గరికి రావడానికి తన చెవినీ నాలుకనూ గుమ్మం బయట వదిలి రావాలని ఆయన అనుకోలేదు. భక్తి సంప్రదాయానికీ ఈ కీర్తనలకూ ఉన్న చుట్టరికాన్ని ఆర్.ఆర్. సుందరరావుగారు శ్రద్ధగా పరిశోధించి పుస్తకం రాశారు. ఆసక్తి ఉన్నవారు దాన్ని తప్పక చదవాలి.

మరి ఏం విడిచారు? దీనికి జవాబు ఆయన రాసిన గద్యంలో ఉంది. పాటల వెలుగులో ఆ గద్యాన్ని మనం మరిచిపోయాం. ఆయన 'కులాచార పరీక్ష' అని ఒక పుస్తకం రాశారు. పేరులోనే కులాన్ని బోనులో నిలబెట్టారు. పుట్టుకతో తనకు దక్కిన పెద్దరికం తన పాత జీవితంలోని ముఖ్యమైన భాగమని ఆయనకు తెలుసు. చదువుతో వచ్చినదాన్ని ఉంచుకుని పుట్టుకతో వచ్చినదాన్ని వదిలారు. నాకు ఆయన మీద గౌరవం ఇక్కడే రెట్టింపవుతుంది. జంధ్యం తీసేసి దాని అధికారాన్ని లోపల దాచుకున్నవాళ్ళు మన చరిత్రలో తక్కువేం కాదు. ఎందరికో చదువు చెప్పిన నోబుల్ అంతటి త్యాగశీలి కూడా తన బడిలో అస్పృశ్య కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. అగ్రకులాల పిల్లలు లేచిపోతారన్న భయం ఆయనది. ఆ భయానికి వెల చెల్లించింది మాత్రం గుమ్మం బయట నిలబడ్డ పిల్లలు.

చౌదరిగారి దారి ఎంత కష్టమైనదో వంద ఏళ్ళ తర్వాత గుర్రం జాషువా బతుకులో మళ్ళీ కనబడుతుంది. 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవుడు. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం. పద్యం పట్టుకున్నందుకు అగ్రకుల పండితులు ఈసడించారు. పురాణ వస్తువులు రాశాడని మనవాళ్ళూ ఆక్షేపించారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక గానీ మన సంఘాల్లో కొన్నింటికి ఆయన మనవాడని గుర్తురాలేదు.

3

ఇంతవరకూ చెప్పింది పైమెట్టు మీద నుంచి దిగి వచ్చినవారి కథ. తెలుగు నేల మీద క్రైస్తవులైనవారిలో అత్యధికులది ఆ కథ కాదు. ఈ సభలో కూర్చున్న మనలో ఎక్కువమందిమి ఎవరి మనవలం, మునిమనవలం? ఆ కథ ఒంగోలు వైపు నుంచి చెప్పుకోవాలి.

యర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద తిరిగే మనిషి. పోతులూరి వీరబ్రహ్మంగారి సంప్రదాయంలోని రాజయోగ సాధనలో గురువుల దగ్గర కూర్చున్నవాడు. అంటే బైబిలు చేతికి రాకముందే విగ్రహాలకు దూరంగా, ఒక్క దేవుణ్ణి లోపల వెదుకుతున్న మనిషి. 1866లో ఆయనా భార్యా మిషనరీ లైమన్ జూయెట్ చేత బాప్తిస్మం పొందారు. 1867 మొదటి రోజున మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది. తర్వాత ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ క్రీస్తు వైపు ఎలా కదిలాయో మీకు తెలుసు. క్లౌగారి భార్య ఎమ్మా ఆ మొదటి తరం నోటి నుంచి విన్నది 1899లో పుస్తకంగా వేయకపోతే పేరయ్యలాంటివారి మనసు మనకు ఇంత దగ్గరగా తెలిసేది కాదు.

చేరదలచినవారికి అక్కడ మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే మూడూ సొంత ఆచరణకు సంబంధించినవే. కానీ పల్లెలో వాటికి అర్థం వేరు. ఆదివారం పనికి రానంటే ఆసామి పొలంలో నాగలి ఆగుతుంది, ఏళ్ళ తరబడి సాగిన వెట్టికి అడ్డం పడుతుంది. చచ్చిన గొడ్డు తినను అంటే ఊరికీ మాదిగగూడేనికీ మధ్య ఉన్న పాత లెక్క చెదురుతుంది. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టను అంటే జాతరే సాగదు. అందుకే కరణమూ మునసబూ అంత మండిపడ్డారు. ఊరబావి అసలే వాళ్ళది కాదు. ఉన్న నీటి దారులు కూడా మూసేశారు, చాకలినీ మంగలినీ రానివ్వలేదు, దొంగ కేసులు పెట్టారు. మాదిగ తన పాత జీవితాన్ని విడుస్తుంటే ఊరికి ఎందుకు నొప్పి పుట్టింది? ఆ జీవితంలో ఊరికి వాటా ఉంది కాబట్టి.

ఇక్కడ ఒక మాట మీరంతా మనసు పెట్టి వినాలి. చౌదరిగారు విడిచింది గౌరవాన్ని. పేరయ్య విడిచింది అవమానాన్ని. ఈ రెంటినీ మనం ఒకే ప్రసంగంలో ఒకే పేరుతో పిలుస్తున్నాం. పైనున్నవాడు దిగిరావడం మారుమనస్సు. కిందున్నవాడు తలెత్తి నిలబడడం కూడా మారుమనస్సే. కానీ దిగిరావలసినవాడికి చెప్పే తగ్గింపు బోధనే తలెత్తవలసినవాడికీ చెబితే అది సువార్త కాదు, పాత ఆసామి గొంతే. మన ప్రసంగ వేదికల మీద ఈ పొరపాటు నిత్యం జరుగుతోంది. ఇప్పటికే వంగిన వెన్నులకు ఇంకా వంగమని చెబుతున్నాం.

బియ్యం కోసం మారారన్న నింద మీరందరూ విన్నదే. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని, సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కడుపాకలి తీరాక మళ్ళీ మొదలైతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. బియ్యం కోసమే అయితే బియ్యం ఇస్తున్నప్పుడు ఎగబడాలి, ఆగిపోయాక రాకూడదు. అయినా నిందించేవారిని నేను ఇంకో మాట అడుగుతాను. ఆకలితో ఉన్నవాడికి అన్నమూ గౌరవమూ ఒకే చేతి నుంచి అందితే, ఆ చేతిని నమ్మడం తప్పెలా అవుతుంది?

4

ఆడవాళ్ళ గురించి కొంచెమే చెబుతాను, గట్టిగా చెబుతాను. మన సంఘాల్లో చాలాచోట్ల ఒక కుటుంబం మారిందనడానికి గుర్తు ఆ ఇంటి ఆడమనిషి నుదురు. బొట్టు తీసింది, పూలు మానింది, గాజులు తీసింది, కొన్నిచోట్ల తాళి కూడా తీసింది, తెల్లచీర కట్టింది, ఇక రక్షణ పొందినట్టే. మగవాడి చొక్కా మారలేదు, మీసం మారలేదు, ఉంగరం అలాగే ఉంది. పాత జీవితాన్ని విడిచిన భారమంతా ఆమె ఒంటి మీద కనబడాలి. పేతురు పత్రికలోనూ తిమోతి పత్రికలోనూ అలంకారం గురించి ఉంది కదా అని మీలో కొందరు అంటారు. ఉంది, నేనూ చదివాను. బంగారం, ముత్యాలు, వెల గల బట్టలు అక్కడ ప్రస్తావించారు, అవి డబ్బున్నవాళ్ళ ఆడంబరానికి సంబంధించినవి. మూర మల్లెపూల సంగతి అందులో లేదు. బొట్టు లేని నుదురుతో పుట్టింటి గడప తొక్కితే ఆమె అమ్మ ఏం అనుకుంటుందో, ఎందరు ఆడపడుచుల చుట్టరికం ఆ ఒక్క గుర్తుతో తెగిపోయిందో లెక్క వేసిన సంఘం ఉందా? బొట్టు పెట్టుకోవాలో మానాలో ఆమె తన మనస్సాక్షితో తేల్చుకోవాలి. ఆమె మీద చెయ్యెత్తడం భర్త మానాడా లేదా అన్నది మాత్రం సంఘం అడిగి తెలుసుకోవాలి.

5

మళ్ళీ కులం దగ్గరికి వస్తాను. అసలు కష్టం అక్కడే ఉంది.

విశాఖ వలసల ఊరు. పోర్టు కోసం, హిందుస్తాన్ షిప్‌యార్డు కోసం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం కోసం అన్ని జిల్లాల నుంచీ జనం వచ్చారు. జ్ఞానాపురంలో కతోలికులు, పాతపట్నంలో లండన్ మిషను వారసులైన బాప్తిస్టులు, గాజువాక చుట్టూ పెంతెకొస్తు మందిరాలు, టౌన్‌షిప్‌లో మలయాళీలూ తమిళులూ. ఊరు తెలియని ఊళ్ళో మనిషికి కొత్తగా బతికే వీలుంటుంది. ఎవరి గూడెం ఎక్కడో ఎవరికీ పట్టనక్కర్లేదు. అయినా ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త కుటుంబాన్ని పలకరించే ప్రశ్నలు వినండి. 'ఇంటిపేరేమిటి? సొంతూరు ఎక్కడ? మీది ఏ మిషను?' ఈ మూడో ప్రశ్న గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవారికి వెంటనే అర్థమవుతుంది. అక్కడ లూథరన్ అంటే ఒక పల్లె, బాప్తిస్టు అంటే ఇంకో పల్లె. నోటితో కులం అడగకుండానే కులం తెలిసిపోతుంది. ఇక పెళ్ళి సంబంధాల దగ్గర ఆ పాటి మర్యాద కూడా ఉండదు. క్రైస్తవ పత్రికల్లో వధూవరుల ప్రకటనలు చదివితే కులం, ఉపకులం, ఆ తర్వాత రక్షణ పొందినవారు అని వరసగా ఉంటాయి.

ప్రభుత్వం వైపు చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో మారిన దళితులకు బీసీ-సీ కింద ఒక్క శాతం. 2023 మార్చిలో శాసనసభ వీరిని షెడ్యూల్డు కులాల్లో చేర్చమని తీర్మానించింది. అంతకుముందే దీన్ని పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కేంద్రం కమిషన్ వేసింది. 2025లో మన హైకోర్టు, మతం మారినవారికి ఆ హోదా ఉండదని మరోసారి చెప్పింది. ఈ మధ్యలో నలిగిపోతున్నది రెండు పేర్ల మనిషి. బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. బాప్తిస్మం రిజిస్టరులో సంతకం పెట్టడానికి చెయ్యి వణికే యువకుణ్ణి విశ్వాసం లేనివాడని తిట్టేముందు, వాడి ముందున్న ఉద్యోగ ప్రకటన కూడా చూడాలి.

చట్టం ఏమంటోంది? క్రైస్తవ మతంలో కులం లేదు, కాబట్టి మారినవాడికి కులం పోయింది అంటోంది. ఈ మాట చట్టానికి ఎవరు చెప్పారు? మనమే చెప్పాం. ప్రతి సువార్త సభలో, ప్రతి కరపత్రంలో చెప్పాం. చట్టం మన మాట నమ్మింది. ఊరు నమ్మలేదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గొడ్డళ్ళు పట్టుకుని దళితులను తరిమినవాళ్ళు ఎవరు బాప్తిస్మం పొందారు, ఎవరు పొందలేదు అని చూడలేదు. చంపబడ్డవారిలో క్రైస్తవులున్నారు. షెడ్యూల్డు కులాల హోదా దళిత క్రైస్తవులకు రావాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఊరు వారి మీద మోపిన బరువు మతంతో దిగలేదు. కాబట్టి ఆ బరువుకు ఇచ్చే రక్షణ మతంతో పోకూడదు. కానీ అదే నోటితో కోర్టులో 'మాలో కులం ఉంది, మాకు రక్షణ కావాలి' అని, మందిరంలో 'మాలో కులం లేదు, దాని ఊసెత్తకండి' అని చెప్పడం కుదరదు. ఉన్నదని మందిరంలోనే ముందు ఒప్పుకోవాలి.

6

పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం గుర్తుంది కదా. పారిపోయిన దాసుడు ఒనేసిము పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. మన ప్రసంగాల్లో మారినవాడు ఒనేసిమే. ఉత్తరం ఎవరికి రాశాడో చూడండి. యజమానికి. ఇతణ్ణి దాసుడిగా కాక సహోదరుడిగా చేర్చుకో అన్నాడు. అక్కడ పాత జీవితాన్ని విడవవలసినవాడు ఫిలేమోను. అప్పటికే విశ్వాసి, ఇంట్లో సంఘం పెట్టుకున్నవాడు, పౌలుకు ఆప్తుడు. అతనిలో ఇంకా పాత మనిషి మిగిలి ఉన్నాడు, ఆ సంగతి తెలిసేది ఒనేసిముకే.

యెరికోలో సుంకం వసూలు చేసే జక్కయ్య కూడా అంతే. ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. అప్పుడు గానీ యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని అనలేదు. సుంకాలు, ఓడలు, కాంట్రాక్టులు, కమీషన్లు నడిచే ఈ రేవు పట్టణంలో జక్కయ్యను చిన్నపిల్లల పాటకు వదిలేశాం. పెద్దల క్లాసులో చెప్పవలసినవాడు అతను.

ఒంగోలు పల్లెలకు ఆనాడు మూడు నియమాలు సరిపోయాయి. ఆ పల్లెల బతుక్కి అవి సూటిగా తగిలాయి. ఈనాటి విశాఖకు ఏ మూడు నియమాలు పెడదామని సంఘ కమిటీలను అడుగుతున్నాను. నాకు తోచినవి చెబుతాను, మీకు ఇంకా మంచివి తోస్తే సరిదిద్దండి. బాప్తిస్మానికి వచ్చేవాడు ఎవరి కూలి ఎగ్గొట్టాడో, ఎవరి దగ్గర వడ్డీ పిండాడో వారి పేర్లు కాపరితో కూర్చుని రాసి, ఇవ్వగలిగింది ఇచ్చి, ఇవ్వలేనిదానికి ముఖాముఖి క్షమాపణ అడగాలి. పెళ్ళి సంబంధంలో కులం గానీ, కులానికి ముసుగైన మిషను గానీ అడగనని మాట ఇవ్వాలి. సమాధుల తోటలో ఏ వంశానికీ ఏ పల్లెకూ వేరే వరస ఉండకూడదని సంతకం పెట్టాలి.

ఇవి కొత్తగా చేరేవాళ్ళకు పెట్టేముందు పెద్దలకు పెట్టాలి. కొత్తవాళ్ళలో చాలామంది గాజువాక, పెందుర్తి, మధురవాడ బస్తీల నుంచి వస్తున్న కూలి జనం. విడవవలసింది వాళ్ళ దగ్గర తక్కువ, మన దగ్గర ఎక్కువ. రెండు మూడు తరాలుగా విశ్వాసులమని చెప్పుకునే కుటుంబాలు ముందుకు రావాలి. సంఘం తరఫున పెళ్ళి సంబంధాల రిజిస్టరు నడిపే మందిరాలు ఈ నెల కమిటీలోనే అందులోని కులం గడిని కొట్టేయవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ విషయం మీద మాట్లాడదలచినవారు ఇప్పుడు లేవండి. నాతో ఏకీభవించనివారు ముందు మాట్లాడితే నాకు సంతోషం.